గుర్రానికి కప్పిన గొంగడి

“అక్కా, జర రాయే. గుర్రానికి వానకు కప్పేదేదో కొనాలంటుండు నీ కొడుకు. ఏది మంచిదో నాకు తెల్వదు, వానికీ తెల్వదు. నువ్వొచ్చి చూడు” అని చెల్లెలు మల్లమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నాగర్‌కర్నూలులో మా ఇంటి ముందర ఉల్లిగడ్డలు ఆరబోస్తున్నాను. నా కొడుకంటే చెల్లెలి కొడుకే, శ్రీశైలం. వనపర్తిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పంపుతుంటాడు. ఊరి చివర వాళ్ల ఇంటి పక్క ఖాళీ జాగాలో, రేకుల నీడ కూడా లేని చోట వాటిని కట్టేస్తాడు. పోయిన వానాకాలం ఒక గుర్రం నెమ్ము చేసి చచ్చిపోయింది. వానలో దానికి ఒళ్లంతా ప్లాస్టిక్ తాటిపత్రి కప్పి, గాలి దూరకుండా తాళ్లతో బిగించి కట్టాడట. చుక్క నీరు లోపలికి దిగలేదు, అయినా ఎట్లా పోయిందో ఇప్పటికీ అర్థం కావట్లేదంటాడు. ఇప్పుడు మిగిలిన తెల్లగుర్రం చూడితో ఉంది. రోహిణి ఎండలు ఇంకా మాడుస్తుండగానే వాడికి వాన గుబులు పట్టుకుంది.

ఆ గుబులు నాకు కొత్త కాదు. నాకు వానంటే భయం. పంతులమ్మగా పనిచేసినంత కాలం పిల్లల చేత వాన మీద పాటలు పాడించాను, కాగితం పడవలు చేయించాను, కానీ మబ్బు కమ్మితే నా అరచేతులు చల్లబడేవి. మా ఆయన బతికున్నప్పుడు “పాలమూరోళ్లు వాన కోసం మొక్కుతరు, నువ్వు వద్దని మొక్కుతవు. నీలాంటోళ్లు ఇంకో నలుగురుంటే మనకు కరువే” అని ఎగతాళి చేసేవాడు. నవ్వేసేదాన్ని. భయం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే చాలా దూరం వెనక్కి నడవాలి, అదీ బురదలో.

మరుసటి రోజు శ్రీశైలం నన్ను పెబ్బేరుకు తీసుకెళ్లాడు. సంత లేని రోజు కాబట్టి బజారు పలచగా ఉంది. తాటిపత్రుల దుకాణంలో అడుగు పెట్టగానే కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకు గుప్పున కొట్టింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. నీలంవి, నల్లవి, వెండి రంగువి చుట్టలు చుట్టలుగా గోడకు నిలబెట్టి ఉన్నాయి. శ్రీశైలం ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఏవో దేశాల్లో గుర్రాలకు చొక్కాలు తొడిగినట్టు మెడ నుంచి తోక దాకా కప్పి, కడుపు కింద పట్టీలు బిగించారు. “గిట్లాంటిది కుట్టిస్త పెద్దమ్మా. ఈసారి ఇంకా మందంది తీసుకుంట” అన్నాడు. దుకాణాయన ఒక చుట్ట విప్పి, దాని మీద సీసాతో నీళ్లు పోసి జారవిడిచాడు. “చూడమ్మా, చుక్క దిగదు. పదేండ్లు వాడుకోవచ్చు.”

“పై తడి లోపలికి రాదు, సరే. మరి లోపలి తడి బయటికెట్ల పోతది?” అని అడిగాను.

ఇద్దరూ నా మొహం చూశారు. “లోపలి తడేంది పెద్దమ్మా? వాన పైనుంచి గదా పడేది” అన్నాడు శ్రీశైలం.

వాడి తప్పేమీ లేదు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు మా నాయిన అన్నాడు, ఇదే ఊరి సంతలో కొన్న తాటిపత్రిని భుజాన వేసుకొచ్చి.

మాది గోపాల్‌పేట దిక్కు ఎర్ర చెలకల ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. చలికాలంలో మా చెలకల్లో గడ్డి అయిపోతే మందను తోలుకుని, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి, ఇటిక్యాల వైపు నల్లరేగడి పొలాలకు పోయేవాళ్లం. అక్కడి రైతులు ఎరువు కోసం మందను తమ పొలాల్లో ఆపించుకుని గింజలు ఇచ్చేవారు. అందుకే మాకు రెండు ఇళ్లు. ఒకటి ఊళ్లో మట్టిగోడలది, రెండోది చుక్కి వీపు మీద. చుక్కి మా గుర్రం. ముదురు గోధుమరంగు, నుదుట తెల్లచుక్క. గుడారం గుడ్డ, వంటగిన్నెలు, జొన్నపిండి, నీళ్ల తిత్తి అన్నీ దాని మీదే. దాని రెండు డొక్కల పక్కన ఉన్నిదారంతో అల్లిన సంచులు వేలాడేవి. దారిలో ఈనిన గొర్రెల పిల్లలు ఇంకా నడవలేవు గనుక, వాటిని ఆ సంచుల్లో వేసి పైన గొంగడి కప్పేవారు. గుర్రం ఒంటి వేడికి అవి తలలు మాత్రం బయటపెట్టి, కళ్లు మూసుకుని ఊగుతూ వచ్చేవి. నా చిన్నప్పటి అసూయలన్నీ ఆ సంచుల మీదే. నన్ను మాత్రం నడిపించేవారు.

ఆ ఇంటికి పెద్ద మా జేజి, అంటే నాయిన తల్లి. సన్నగా, పొడుగ్గా, ఎండిన కందికట్టెలా ఉండేది. కోపం ముక్కు మీదే. పొద్దున లేచాక మొహం కడుక్కోకముందే చుక్కి దగ్గరికి పోయి, దాని మీది గొంగడి కింద, ముందరి కాలి వెనక, చెయ్యి దూర్చి, వెచ్చదనం చూస్తూ కొంతసేపు నిలబడేది. ఆ చెయ్యి తీశాక గానీ పొయ్యి వెలిగేది కాదు. దాణా ముందు గుర్రానికి, తర్వాత కుక్కలకు, ఆ తర్వాత మాకు. వాన వస్తే మంచి గొంగడి గుర్రానికే, పాతవి మనుషులకు. నేనొకసారి ఏడిస్తే, “నీకు కాళ్లు నొస్తే కూసుంటవు. దాని కాళ్లు నొస్తే మనమందరం కూసుంటం” అంది. మాలో గుర్రానికి కప్పే గొంగడికి ఆడవాళ్లే నాటు ఉన్ని వడికి దారం ఇచ్చేవారు, నేశాక చింతగింజల గంజి పట్టించి ఎండబెట్టేవారు. అట్టలాగా నిలబడేది. వాన దాని మీద పడి, పైపైనే జారిపోయేది. తడిసిన గొంగడి వాసన, అంటే ఉన్ని జిడ్డు, పొగ, పుల్లటి గంజి కలిసిన వాసన, మా అందరి ఒంటి వాసనా అదే. బడిలో చేరాక తోటిపిల్లలు ముక్కు మూసుకుంటే గానీ నాకది వాసనని తెలియలేదు.

ఏటా మొదటి వానలు పడకముందే నల్లరేగడి నుంచి బయటపడి ఎర్రనేలకు చేరాలన్నది మా కట్టుబాటు. రేగడి తడిసిందంటే గొర్రెల గిట్టలు పుచ్చుతాయి, గుర్రం మోకాలి దాకా దిగబడుతుంది. ఆ ఏడు మాత్రం ఆలస్యమైంది. అమ్మ నిండు చూలాలు. ఇయ్యాల రేపు అంటూనే నొప్పులు రాక, అమ్మ దూరం నడవలేక, ఒక వాగు పక్క పొలంలోనే గుడారం వేసుకుని ఆగిపోయాం. జేజి పొద్దూమాపూ పడమటి ఆకాశం చూసేది. ఆ చూపుకే నాకు భయం వేసేది. జేజి దేనికీ భయపడదని అప్పటిదాకా అనుకున్నాను.

అప్పుడే నాయిన పెబ్బేరు సంతకు పోయి ఆ తాటిపత్రి తెచ్చాడు. అట్లాంటిది మా మందలో ఎవరికీ లేదు. నిగనిగలాడే నీలం రంగు. దాన్ని చుక్కికి కప్పి, కడుపు కింద తాళ్లు లాగి కట్టి, చెంబుతో నీళ్లు కుమ్మరించి చూపించాడు.

“ఇగ గొంగడి బరువు మొయ్యనక్కర లేదే అవ్వా. తడిస్తే మణుగు బరువు, ఆరదానికి మూడొద్దులు, పైన ఆ కంపు” అన్నాడు.

“కంపంట, కంపు! గొంగట్ల తింటూ ఎంటికలు ఏరుకుంటవా? అది ఊపిరాడని గుడ్డ. నా గుర్రానికి వద్దు” అంది జేజి.

“గుడ్డకు ఊపిరేంది? వాన పైనుంచే గదా పడేది!”

ఇద్దరూ రెండు పూటలు మాట్లాడుకోలేదు. చివరికి జేజే తగ్గింది. ఎందుకంటే ఉన్న ఒక్క కొత్త గొంగడి కాన్పుకు కావాలి. మాలో బాలింత కొత్త గొంగడి మీదే పడుకోవాలి, పసిబిడ్డ మొదటి కప్పు కూడా అదే. పాతవి ఎట్లాగూ చిల్లులు పడి ఉన్నాయి. అట్లా గొంగడి గుడారంలోకి, తాటిపత్రి గుర్రం మీదికి వచ్చాయి.

వాన చెప్పాపెట్టకుండా దిగింది. ఆ మొదటి చినుకులతోనే అమ్మకు నొప్పులు కూడా వచ్చాయి. నాయిన, చిన్నాయన మందను ముందు వాగు అవతలి ఎత్తు గట్టుకు చేర్చి వస్తామని పోయారు. మంద రేగడిలో ఇరుక్కుంటే ఇల్లు మునిగినట్టే. వాళ్లు అవతలికి పోయారు గానీ తిరిగి రాలేకపోయారు. వాగుకు ఎర్రనీళ్లొచ్చి పొంగింది. ఇవతల అమ్మ, జేజి, నేను, చుక్కి మిగిలాం. చెల్లెలు ఆ హోరులోనే పుట్టింది. ఏడ్చిందో లేదో వినబడనంత వాన. జేజి పసిదాని నోరు తుడిచి, గొంగడిలో చుట్టి, అమ్మ పక్కన పెట్టి, నా వైపు తిరిగి “చూడకు, పో. గుర్రాన్ని చూసి రా” అంది.

వెళ్లి తాటిపత్రి అంచు ఎత్తి చెయ్యి పెట్టాను. చుక్కి ఒళ్లు నీళ్లలో ముంచి తీసినట్టుంది. “జేజీ, లోపలంత తడిసింది” అని అరిచాను. జేజి వచ్చి చూసి, తాటిపత్రి ఎక్కడో కారుతోందనుకుంది. తాళ్లు ఇంకా బిగించింది. పైన ఎరువు సంచులు కప్పి, వాటినీ కట్టింది. మళ్లీ చూస్తే ఇంకా తడి. మళ్లీ బిగించింది. ముసురు వదలకుండా ఆ రోజంతా, మరునాటి పొద్దున దాకా పట్టింది. చుక్కి దాణా ముట్టడం మానేసింది. తల వేలాడేసింది. కాసేపటికి దాని తొడలు వణకడం మొదలైంది. గుర్రం వణుకుతుంటే దాని పళ్లు కూడా టకటకమంటాయని నాకు ఆ రోజే తెలిసింది. ఆ చప్పుడు వానలో కూడా వినిపించేది. చెవులు మూసుకున్నా వినిపించేది.

పొద్దెక్కేసరికి గుడారం కింద నుంచి నీళ్లు పాకుతూ వచ్చాయి. మా పొలానికీ, వాగుకు ఇవతలే ఉన్న రోడ్డు కట్టకూ మధ్య పల్లం నిండుతోంది. అప్పటికి నడుము లోతు. ఇంకాసేపైతే ఎంతవుతుందో ఎవరికి తెలుసు? అమ్మ నిలబడితే కళ్లు తిరిగి పడిపోతోంది. ఆమెను దాటించగలిగేది చుక్కి ఒక్కటే. జేజి పగ్గం పట్టి లాగింది. చుక్కి కదల్లేదు. కొట్టింది. జేజి చుక్కిని కొట్టడం అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అది ఒక అడుగు వేసి, వణికి ఆగిపోయింది.

అప్పుడు జేజి కొడవలితో తాళ్లు తెంపి తాటిపత్రి లాగి పడేసింది. చుక్కి వీపు నుంచి ఆవిరి లేచింది, అన్నం వార్చిన గిన్నె మీంచి లేచినట్టు. జేజి అరచేయి దాని వీపుకు రాసి, నాలుకకు అంటించుకుంది. “ఉప్పగున్నది. ఇది వాన కాదే పిల్లా, చెమట. ఊపిరాడకుంట ఉడికి, ఆ చెమటల్నే చల్లబడ్డది. నేనే బిగిస్తి, నేనే బిగిస్తి” అంటూ తల కొట్టుకుంది. తర్వాత గబగబా గుడారంలోకి పోయింది. వెంటనే బయటికి వచ్చింది. ఆమె చేతిలో కొత్త గొంగడి ఉంది. అమ్మ మీంచి, పసిదాని మీంచి తీసిన గొంగడి. ఆ చోట అంతటికీ మిగిలిన పొడిబట్ట అదొక్కటే.

లోపల అమ్మ గొంతు “అత్తా, పిల్ల... అత్తా” అంటోంది. జేజి గడ్డితో చుక్కిని రుద్దీ రుద్దీ, దాని వీపు మీద, డొక్కల మీద గొంగడి పరిచింది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ఈమె గుర్రం కోసం నా చెల్లెల్ని చంపుతోంది అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మాను. గుడారంలో పసిది అప్పుడే పిల్లికూనలా సన్నగా ఏడుపెత్తుకుంది. అంతదాకా వాన హోరులో వినబడనిది అప్పుడే వినబడింది. నీళ్లంటే, ఉరుమంటే వేసిన భయం వేరు. మనిషంటే భయం అదే మొదలు.

చుక్కి వణుకు మెల్లగా తగ్గింది. పళ్ల చప్పుడు ఆగింది. జేజి మళ్లీ లోపలికి పోయి పసిదాన్ని తెచ్చి, గొర్రెపిల్లల సంచిలో, చుక్కి డొక్కకు ఆనుకునేలా పెట్టింది. గొంగడి అంచును దాని మీదికి లాగింది. అమ్మను ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టి, పారేసిన తాటిపత్రిని తెచ్చి అమ్మ తల మీంచి గొంగడి మీదుగా వదులుగా వేసింది. ఈసారి తాళ్లు కట్టలేదు. నన్ను గుర్రం పక్కకు లాగి, నా చెయ్యి పట్టి గొంగడి కిందికి, సంచిలోకి దూర్చింది.

“చెయ్యి తియ్యకు. నేనడిగినప్పుడల్ల చెప్పాలె. వెచ్చగున్నదా?”

“వెచ్చగున్నది.”

నీళ్లలోకి దిగాం. జేజి ముందు పగ్గం పట్టుకుని, నేను పక్కన గుర్రాన్ని ఆనుకుని. నీళ్లు నాకు ఛాతీ దాకా వచ్చాయి. కాళ్ల కింద రేగడి లాగేస్తోంది. నా చెయ్యి మాత్రం పైన, ఆ చీకటి సంచిలో ఉంది. “వెచ్చగున్నదా?” “వెచ్చగున్నది.” చుక్కి తూలితే నేను తూలాను. పైన అమ్మ ఏదో దేవుణ్ని పిలుస్తోంది. “వెచ్చగున్నదా?” “వెచ్చగున్నది జేజీ.” నడిమధ్యకు వచ్చేసరికి నా చెయ్యి మొద్దుబారింది. వేళ్లకు ఏమీ తెలియడం లేదు. వెచ్చదనం తెలియడం లేదు, పిల్ల కదలడం తెలియడం లేదు. “వెచ్చగున్నదా? చెప్పవేందే?” అని జేజి వెనక్కి తిరిగింది. “తెల్వదు జేజీ, నాకు తెల్వదు, నా చెయ్యి చచ్చిపోయింది” అని బిగ్గరగా ఏడ్చాను. జేజి అక్కడే, ఆ నీళ్లలోనే గుర్రాన్ని ఆపి, గొంగడి ఎత్తి, తన చెయ్యి పెట్టి చూసింది. ఆమె చేతికీ తెలియలేదు. అప్పుడామె సంచిలోకి తల దూర్చి, చెంప పెట్టింది. ఎంతసేపని చెప్పను? ఇప్పటికీ ఒక్కోసారి ఆ తల బయటికి రాలేదనే అనిపిస్తుంది నాకు.

తల తీసి, “ఉడికిన కందగడ్డ లెక్కున్నది. నడువు” అంది.

రోడ్డు కట్ట మీది చాయ్ హోటల్ వాళ్లు పొయ్యి దగ్గర చోటిచ్చారు. సాయంత్రానికి నాయిన చుట్టు తిరిగి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, పిల్లను చూసి, గుర్రాన్ని చూసి, కూలబడి ఏడ్చాడు. జేజి తిట్టలేదు. “నీ తాటిపత్రి మంచిదే కొడకా. గుర్రానికి కాదు, గొంగడికి కప్పాలె” అంది, అంతే. చుక్కి మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా దగ్గింది. అది దగ్గినప్పుడల్లా మా ఇంట్లో అందరి చేతుల్లో ముద్ద ఆగిపోయేది. తర్వాత తేరుకుంది. చాలా ఏళ్లు బతికింది. చెల్లెలికి గుర్రపుపిల్ల అనే పేరు వచ్చింది, పెళ్లయ్యేదాకా పోలేదు.

ఇదంతా మా వాళ్లు నవ్వుతూ చెప్పుకునే కథ. నేను నవ్వలేను. ఎందుకంటే జేజి గొంగడి లాక్కొచ్చిన క్షణానికీ, పిల్లను సంచిలో పెట్టిన క్షణానికీ మధ్య కొంత సమయం ఉంది. ఆ సమయంలో ఆమె మనసులో సంచి ఉందా, లేక గుర్రం ఒక్కటే ఉందా? చుక్కి వణుకు తగ్గకపోయి ఉంటే ఆ గొంగడి వెనక్కి వచ్చేదా? జేజి పోయేదాకా ఆమె ఒళ్లోనే పెరిగాను, అయినా అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత అమ్మను అడిగితే, “నాకు గూడ తెల్వదు బిడ్డా. అడగాలంటే భయమయ్యింది” అంది. అమ్మ కూడా పోయింది.

ఇవన్నీ దుకాణంలో చెప్పలేదు. పెద్ద తాటిపత్రి ఒకటి తీసుకోమన్నాను. ఒంటికి కట్టడానికి కాదు, నాలుగు గుంజల మీద ఎత్తుగా, పక్కల గాలాడేలా వేయడానికి. తేలికది ఇంకొకటి, గొంగడి మీద వదులుగా వెయ్యడానికి. “గొంగడి యాడ దొరుకుతది ఇప్పుడు?” అన్నాడు శ్రీశైలం. నిజమే. మా ఊళ్లో మగ్గం గుంటలు పూడ్చేశారు. నాటు గొర్రెలు పోయి, ఉన్నిలేని గొర్రెలొచ్చాయి. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మా జేజి అనేది. ఆ సామెతలో సగాన్ని ఇప్పుడు ఫోన్ తేల్చేసింది. ఏ పూట ఎంత పడుతుందో శ్రీశైలం వేలితో జరిపి చెప్పేస్తాడు. మిగతా సగం మాత్రం అట్లాగే ఉంది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిలోంచి మూట తీసి వాడి చేతిలో పెట్టాను. నా పెళ్లినాడు పీటల మీద పరిచి, తర్వాత నా వెంట పంపిన గొంగడి అది. అంచు చిరిగింది, వాసన మాత్రం పోలేదు. “ఇదేందో తెలుసా?” అని అడగబోయి, ఆగిపోయాను. ఆ రోజు జేజి వాడి తల్లి మీంచి తీసింది ఇదేనని వాడికి చెప్పడానికి నోరు రాలేదు.

తొలకరి పడేదాకా వనపర్తిలోనే ఉండిపోయాను. ఒక సాయంత్రం వాన దబదబా దిగింది. గుంజల మీది తాటిపత్రి చప్పుడు చేస్తోంది. జల్లు పక్క నుంచి కొడుతోంటే శ్రీశైలం తెల్లగుర్రానికి గొంగడి, దాని మీద పలుచటి తాటిపత్రి వేసి, పక్కకు తప్పుకుని నా వైపు చూశాడు. నేను వెళ్లి గొంగడి కింద, ముందరి కాలి వెనక చెయ్యి పెట్టాను. నా చేతులు అప్పటికే మంచుగడ్డలు.

గడపలో నిలబడి చెల్లెలు కేకేసింది. సన్నగా, పొడుగ్గా, కొంగు తల మీద కప్పుకుని. ఆ గొంతు జేజిదే.

“అక్కా, వెచ్చగున్నదా?”

నా వేళ్లకు ఏమీ తెలియలేదు.

“చెప్పవేందే? వెచ్చగున్నదా?”

నేను గొంగడి ఎత్తి, తల లోపలికి దూర్చి, గుర్రం వెచ్చటి డొక్కకు చెంప ఆనించాను. అప్పుడు చెప్పాను.